స్టీలు వాల్వు, తలనూనె

మహేశ్వరం దారిలో ఆక్సిజన్ సిలిండర్లు నింపే ఒక ప్లాంటులో నేను గ్యాసు స్వచ్ఛత పరీక్షించేదాన్ని. మాది గోదావరి వైపు, శంషాబాద్‌లో అద్దెకుండేదాన్ని. సిలిండర్లు నింపే అతనిది ప్లాంటు పక్క ఊరే. పొలం ప్లాట్లయిపోయాక ఈ పనిలో చేరాడు. నింపే పైపుకున్న వాల్వును ఎప్పుడూ నిదానంగా, ఊపిరి బిగబట్టి తిప్పేవాడు.

ఆ వేసవిలో ఇత్తడి వాల్వు పాడైతే మేనేజరు దాని చోట చవక స్టీలుది బిగించాడు. నేను వద్దన్నాను. స్టీలు మామూలు గాలిలో కాలదు గానీ, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌లో ఎండుకట్టెలా కాలుతుంది. ఇత్తడి అంత తేలిగ్గా అంటుకోదు. వాల్వు ఒక్కసారిగా తెరిస్తే దూసుకొచ్చే గ్యాసుకు లోపల వేడి పుడుతుంది. ఆ వేడికి రబ్బరు వాషరు రాజుకుంటే చాలు, స్టీలూ అంటుకుంటుంది.

"స్టీలు కాలుతదంట! మీ ఇంట్ల గిన్నెలెప్పుడన్న కాలినయా మేడం?" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. నింపే అతనూ నవ్వాడు.

ఒకరోజు ఆసుపత్రికి సిలిండర్లు తీసుకెళ్లే లారీ గేటు దగ్గర నిలిచి అదేపనిగా హారన్ కొడుతోంది. అతను నిదానంగానే తిప్పుతున్నాడు.

"పెండ్లిపిల్ల ముసుగు తీస్తున్నవారా? తిప్పు జల్ది!" అని మేనేజరు అరిచాడు.

ఒక్కసారిగా తిప్పాడు. చెవులు దిమ్మెక్కే చప్పుడు, కళ్లు తెరవనీయని తెల్లటి మంట. వాల్వే కాలింది. కరిగిన స్టీలు అతని కుడిచేతి మీద పడింది. ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు.

వార్డు బయట మేనేజరు అతని భార్యను అడిగాడు. "పొద్దుగాల ఆయన తలకు నూనె పెట్టినవా?"

"పెట్టిన సార్. రోజు పెడ్త."

"గదే! చేతికంటింది. ఆక్సిజన్ కాడ నూనె ఉండొద్దని గోడ మీద రాసినం గద."

ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ తగిలితే నూనె భగ్గుమంటుందన్నది నిజమే. అందుకే ఆ అబద్ధం అంత బాగా అతికింది. "నా కొడుకు చెయ్యి తిన్నవు గదనే!" అంటూ అత్త అక్కడే ఆమె జుట్టు పట్టుకుంది.

లోపలికెళ్లి అతన్ని అడిగాను. "వాల్వు సంగతి మీకు తెలుసు. విచారణలో చెప్పండి."

"గేటు కాడ కూసునే పని ఇస్తనన్నడు మేడం. వాల్వు అంటె అది గూడ పోతది."

"మరి మీ ఆవిడ?"

"అది పడ్తది తియ్యి."

విచారణకొచ్చిన అధికారి ముందు అతను నూనె అనే చెప్పాడు. నేను వాల్వు అన్నాను. "కాలిన మనిషే చెప్తుంటె మధ్యల మీదేందమ్మా?" అన్నాడు అధికారి. కాలిన వాల్వు అప్పటికే పాత ఇనుము బండికి వెళ్లిపోయింది. నన్ను పనిలోంచి తీసేశారు.

కొన్ని నెలల తర్వాత అటుగా వెళ్తూ ఆగాను. అతను గేటు దగ్గర స్టూలు మీద ఉన్నాడు. భార్య అన్నం కలిపి నోట్లో పెడుతోంది. చేతికేమైందని ఎవరో కొత్త డ్రైవరు అడిగాడు. "గిదే పెట్టింది నూనె. దీని చేతులే నన్ను గిట్ల చేసినయి," అన్నాడు నములుతూ. ఆమె ఇంకో ముద్ద చేసింది.

ఆమె డబ్బా కడుక్కుంటుంటే దగ్గరికెళ్లి, నూనె వల్ల కాదమ్మా అన్నాను.

"నాకెర్క మేడం. ఆయనకు గూడ ఎర్కుండె," అంది. "ఇప్పుడు ఇంట్ల గూడ గట్లనే అంటడు. ఎవ్వరు లేనప్పుడు గూడ."