రాగి బిందె నీళ్లూ మెత్తటి పగడమూ

ప్రొద్దుటూరులో మా నాయనకు బంగారు అంగడి ఉండేది. బంగారంతో పాటు పగడాలు కూడా అమ్మేవాడు. మా వైపు తాళిబొట్టుకు అటొకటి ఇటొకటి పగడం కూర్చకపోతే పెళ్లి పెళ్లే కాదు. కొనేవాళ్లకు అనుమానం వస్తే నాయన నిమ్మకాయ కోసి పగడం మీద ఒక చుక్క పిండేవాడు. అసలుదైతే ఆ చుక్క కింద సన్నగా నురగ లేస్తుంది. గాజుపూసైతే ఉలకదు, పలకదు.

"చూసినావామ్మా, ఎట్ల బుస్సుమనిందో! రాయంటే ఇదీ" అనేవాడు గర్వంగా. ఆయన జుట్టు నెరిసేదాకా పగడమంటే ఆయనకు రాయే.

కాదని చెప్పినవాడు మా అన్న. వాడు మండపమనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డున చేపల శాఖలో చిన్న ఉద్యోగం చేసి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో జమ్మలమడుగుకు సైన్సు అయ్యవారుగా వచ్చాడు. నేను అప్పటికి పులివెందుల నుంచి కాన్పుకని పుట్టింట్లో ఉన్నాను. ఎర్రగుంట్లలో రైలు దిగి, బస్సెక్కి, గడ్డిలో చుట్టిన పెద్ద పెద్ద జాడీలతో వాడు ఇంటికొచ్చిన తీరు చూస్తే ఎవరైనా ఊరగాయల వ్యాపారం పెట్టాడనుకుంటారు. అన్నిట్లోనూ సముద్రపు నీళ్లే. ఒకదాంట్లో మాత్రం రాతి ముక్కకు అంటుకొని గోధుమరంగు తోలు ముద్ద ఒకటి ఉంది.

"సముద్రం దాకా పోయి తెగిన చెప్పు తెచ్చినావేందిరా?" అంది మా అమ్మ.

"చెప్పు కాదుమా, పగడం. మెత్తటి పగడం. దీనికి పానముంది."

నాయన పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే అంగట్లోని పాత అద్దాల పెట్టెకు లప్పం పట్టించి తొట్టి చేయించి ఇచ్చాడు. కొన్ని జాడీల నీళ్లు తొట్టిలో పోసి, వాటిలోకి గాలి పోవాలని అన్న లారీ ట్యూబుకు గాలి కొట్టించి తెచ్చి, సన్నటి గొట్టంతో తొట్టిలోకి వదిలాడు. బుడబుడమని బుడగలు. మా నడిమింట్లో సముద్రం!

మరుసటి రోజు సాయంత్రం ఆ తోలు ముద్ద విచ్చుకుంది. అబ్బబ్బ, ఏం చెప్పను! ఒళ్లంతా వందలాది తెల్లటి చిన్న చిన్న చేతులు పైకి లేచాయి. ఒక్కో చేతికి కుచ్చుల్లాంటి వేళ్లు. నీళ్లు కదిలితే అవీ కదులుతున్నాయి. కడుపులో బిడ్డ కూడా అప్పుడే కదిలింది. అమ్మ బియ్యం చెరిగే చాట పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది.

నాయన నగలు పరీక్ష చేసే భూతద్దం కంటికి పెట్టుకొని శానాసేపు చూశాడు.

"ఒక్కో చేతికి ఎనిమిదేసి వేళ్లుండాయి రా" అన్నాడు చివరికి.

"నువ్వు అమ్మే ఎర్ర పగడం కట్టేవాటికి కూడా ఎనిమిదే నాయనా. ఇవీ అవీ ఒకే వంశం. నీ అంగట్లో ఉండేవి అవి కట్టుకున్న ఇండ్లు. అవి సచ్చినాక ఆ ఇండ్లు కోసి మనం పూసలు చేసుకుంటాండాం."

నాయన భూతద్దం దించాడు. ముఖంలో నవ్వు లేదు. "ఇన్నేండ్లూ నేను అమ్మింది ఇండ్లా?" అన్నాడు. తొట్టికేసి చూసి, "ఇదొక్కటన్నా మన ఇంట్లో బతకల్లరా" అన్నాడు.

అంతే, ఆ రోజునుంచి ఆయన వరస మారిపోయింది. అన్న వారమంతా జమ్మలమడుగులో ఉండి ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. పోతూ పోతూ ఒక మాట చెప్పిపోయాడు: మన ఎండలకు తొట్టిలో నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం పోదు, కాబట్టి తగ్గినంత మేరకు మంచినీళ్లే పోయాలి. నాయన ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. పొద్దున్నే స్నానం చేసి, నామం పెట్టుకొని, చెంబుతో తెచ్చి తానే పోసేవాడు. నన్ను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. పుట్టబోయే మనవడికోసం కూడా ఇంత హైరానా పడలేదు మహానుభావుడు!

వారం తిరక్కుండా పగడం ముడుచుకుంది. చేతులు లోపలికి పోయాయి. మళ్లీ చెప్పు తోలే. నాయనకు అన్నం సయించలేదు.

అన్న వచ్చి ఒక్కొక్కటే వెతికాడు. పాలల్లో నీళ్లు కలిపారేమో చూసే గాజు గొట్టం అడిగి తెచ్చి తొట్టిలో తేల్చాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. వేడి ఎక్కువైందేమోనని తొట్టి చుట్టూ తడి గోనెపట్టలు కట్టాడు. వెలుగు చాలదేమోనని కిటికీ దగ్గరికి జరిపించాడు. కొత్త తొట్టి కదా, నీళ్లు ఇంకా కుదురుకోలేదేమోనని సగం తోడేసి జాడీల్లోని సముద్రపు నీళ్లు పోశాడు. అప్పుడు కాస్త విచ్చుకుంది. హమ్మయ్య అనుకున్నాం. వాడు జమ్మలమడుగు పోయాడో లేదో మళ్లీ ముడుచుకుంది. అట్లా రెండుసార్లు జరిగింది.

మూడో ఆదివారానికి ఒక్క జాడీ మిగిలింది. అంచుల్లో తోలు నల్లబడి ఊడుతోంది. "ఇంగ ఇదే ఆకరు నాయనా" అంటూ అన్న ఆ నీళ్లు కూడా పోసేశాడు. సోమవారానికి సెలవు పెట్టి రాత్రంతా తొట్టి పక్కనే కూర్చున్నాడు. పొద్దునకు కొన్ని చేతులు భయం భయంగా బయటికొచ్చాయి.

నాయన స్నానం చేసి, నామంతో, చెంబుతో వచ్చాడు. వంచబోతుండగా అన్న గబుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఈ నీళ్లు యాడివి నాయనా?"

"యాడివంటే? మంచినీళ్లే. మీ యమ్మ రాత్రి రాగి బిందెలో పట్టి పెట్టింది."

అన్న తల పట్టుకున్నాడు. "ఓ నాయనా! రాగి మనకు మంచిదే. ఈటికి ఇషం. ఓడల అడుగున రాగి రేకులు ఎందుకు కొడతారనుకున్యావు? సముద్రంలో పురుగూ పుట్రా అంటుకోకుండా సావాలనే!"

"నా బిందెనేమన్నా అంటే ఊరుకోను" అని లోపల్నుంచి అమ్మ అరిచింది. దాన్ని రోజూ చింతపండుతో తళతళలాడేట్టు తోముతుంది మరి. ఎంత తోమితే అంత రాగి నీళ్లలోకి దిగుతుందని అన్న చెప్పాక ఆమె గడప దాకా వచ్చి చెంబుకేసి చూసింది.

నాయన చెంబు కింద పెట్టి గోడకానుకొని కూలబడ్డాడు. "ఇంట్లో ఉండే నీళ్లలో మేలైనవి పోసినా గదరా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తప్పెవరిదని అనాలి? మా ఇంట్లో అతిథికైనా, దేవుడికైనా, కడుపుతో ఉన్న నాకైనా ఇచ్చేది ఆ బిందె నీళ్లే.

ఆ పూటే నాయన కొత్త మట్టికుండ కొన్నాడు. పెన్నలో తానే చెలమ తీసి, తేట నీళ్లు ముంచుకొని భుజాన మోసుకొచ్చాడు. అంగడి షావుకారు ఇసుకలో మోకాళ్లమీద కూర్చొని నీళ్లు తోడుతుంటే దారినపోయేవాళ్లు నవ్వారట. నవ్వనీ.

నల్లబడిన అంచులు ఊడిపోయాయి. మిగిలింది అరచేతిలో సగం. దానికి ఎదురుచూడటం తప్ప మేము చేయగలిగింది లేదు. ఒకరోజు మధ్యాహ్నం నాయన "రాండి, రాండి!" అని కేక పెట్టాడు. పరుగెత్తలేని నేనూ పరుగెత్తాను. ఆ సగం ముక్క నిండా చేతులు! మొదటిసారి కంటే పొడుగ్గా సాగి, కిటికీ వెలుగుకేసి తిరిగి ఉన్నాయి. నా మెడలో తాళి పక్కనున్న పగడాన్ని తెలియకుండానే పట్టుకున్నాను. ఇది కూడా ఒకప్పుడు ఇట్లాగే చేతులు చాచిందా? ఇంత పెద్ద సంగతి మెడలో వేసుకొని ఇన్నాళ్లు వంట చేశానా! నాయన రెండు చేతులూ జోడించాడు.

నాకు ఆడపిల్ల పుట్టింది. పులివెందుల వెళ్లే ముందు దాని చేతులకు మురుగులు తీసుకుందామని అంగడికి పోయాను. చాపాడు నుంచి ఒకామె కూతురి పెళ్లికని పగడాలు బేరం చేస్తోంది.

"అసలువేనా అప్పా? ఏదీ, నిమ్మకాయ పిండు సూస్తాం" అందామె.

నిమ్మకాయ పళ్లెంలోనే ఉంది. నాయన చెయ్యి అటు పోలేదు. రెండో చేత్తో పగడాన్ని కప్పుకున్నాడు.

"వద్దులేమ్మా" అన్నాడు మెల్లగా. "మండుతాది దానికి."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి, కొనకుండానే మెట్లు దిగిపోయింది. నాయన ఆ పగడాన్ని దూదిలో పెట్టి, డబ్బా మూత మెల్లగా వేశాడు.