బుగ్గలో పెప్పర్‌మెంటు

నా చిన్నప్పుడు బంగారు గని మూతపడి సైరన్ ఆగిపోయాక, గని కూలీలుండే మా లైన్ ఇళ్లలో పొద్దెంతయిందో చెప్పే దిక్కే లేకపోయింది. మా నాయన అప్పటికే లేడు. అమ్మ చీకటితోనే మారికుప్పం స్టేషన్‌లో రైలెక్కి బెంగుళూరుకు, బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోయేది. ఎండాకాలం సెలవుల్లో నా చేతిలో పిడికెడు పెప్పర్‌మెంట్లు పోసి, "ఇవి అయిపోయేలోపల వచ్చేస్తా పాపా" అనేది.

అవి ముందే అయిపోతే అమ్మ రాదేమోనని నాకు భయం. అందుకే కొరికేదాన్ని కాదు. ఒకటి కరిగాక ఇంకొకటి బుగ్గలో పెట్టుకుని, పొద్దంతా గడప మీద కూర్చునేదాన్ని.

ఒకరోజు బుగ్గ పట్టుకుని ఏడుస్తుంటే పక్కింటి అవ్వ చూసింది. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి మానుకున్న ఒంటరి మనిషి. నా నోరు తెరిపించింది.

"అయ్యో, దవడ పన్ను పుచ్చిపోయిండాది గదమ్మా! నోట్లో ఊరే నీళ్లే పండ్లను కడిగేది. ఒకటయినాక ఇంగొకటి తీపి పెడతా ఉంటే అవి ఎప్పుడు కడగాల?"

"మానేస్తే మా అమ్మ రాదు" అన్నాను.

అవ్వ నవ్వలేదు. అమ్మతో చెప్పి, తానే తీసుకుపోయి ఆ పన్ను పీకించింది. తర్వాత రాబర్ట్‌సన్‌పేట మందుల షాపులో చక్కెర లేని చూయింగ్ గమ్ తెచ్చింది. మందులు మింగీ మింగీ ఆమె నోరు ఎండిపోయేదట, డాక్టరు అది నమలమన్నాడట.

"నోట్లో నీళ్లు ఊరకపోబట్టే నా పండ్లు సగం పోయినాయి. అన్నం తిన్నాక ఇది నములు, బాగా ఊరతాయి. పొద్దున తోమేది మాత్రం మానొద్దు. కానీ నా పక్కనే కూర్చోని నమలాల. మింగినావో, చెవి మెలేస్తా!"

ఆ రోజు మిగిలిన పెప్పర్‌మెంట్లను ఒక డబ్బాలో వేశాను, ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. పొద్దుగూకేదాకా డబ్బా వైపు, దారి వైపు చూస్తూనే ఉన్నాను. చీకటి పడ్డాక అమ్మ వచ్చింది.

చూయింగ్ గమ్ మా ఇంట్లో కూర్చుని కూడా నమలొచ్చని నాకు అప్పుడు తోచలేదు. అవ్వకు తెలుసు. రోజూ తిన్నాక ఇద్దరం ఆమె గడప మీద కూర్చుని దవడలు ఆడించేవాళ్లం.

ఇప్పుడు అమ్మ లేదు, అవ్వ లేదు, మా ఆయనా పోయాడు. ఒక్కోరోజు ఒక్క మాటైనా మాట్లాడక నోరు పిడచగట్టుకుపోతుంది. తిన్నాక ఒక గమ్ వేసుకుంటాను. పీకించిన పన్ను చోటు నాలుకకు తగులుతుంది, మెల్లగా నీళ్లు ఊరతాయి. లోపల మాత్రం కూర్చోను. గడప మీదికి వచ్చి, పక్కన ఇంకొకరికి చోటు వదిలి నములుతాను.