దుమ్ము మీద తవీ పగ

తవీకి దుమ్మంటే పడదు. దుమ్ము ఎవరికి పడుతుంది అంటారేమో. మనమైతే దులుపుకుంటాం, మర్చిపోతాం. తవీ పగబట్టాడు. అదీ ఎక్కడ? సారాబురిలో. ఊరి చుట్టూ రాతి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, రోడ్డు మీద తెంపులేకుండా కంకర లారీలు. అక్కడ చెట్ల ఆకులు కూడా వాన పడితే తప్ప పచ్చగా కనిపించవు. సరిగ్గా ఆ రోడ్డు పక్కనే, ఇంటి వెనక షెడ్డులో, కారు అద్దాలకు నల్ల ఫిల్ము అతికించే దుకాణం పెట్టాడు మహానుభావుడు.

ఫిల్ముకీ అద్దానికీ మధ్య చిన్న నలుసు చిక్కుకున్నా అక్కడ పొక్కులా లేస్తుంది. ఎండలో మెరుస్తుంది. మిగతా దుకాణాలవాళ్లు "ఒకటో రెండో మామూలే అన్నా, నాలుగు రోజులు పోతే మీకే కనబడవు" అని తాళాలు చేతిలో పెట్టి పంపేస్తారు. తవీ నోట ఆ మాట రాదు.

ఈ పగతో కాపురం చేస్తున్నది అతని భార్య ఉబోన్. పెళ్లికి ముందు కంకర క్రషర్‌లో పనిచేసిన మనిషి. అప్పుడప్పుడు దగ్గుతుంది, ఎప్పుడూ అలసటగానే ఉంటుంది. నేల కడగడం, ఆరకముందే మళ్లీ తడపడం తవీ పని. ఆ తడి నేల మీద బతకడం ఉబోన్ పని. కిటికీ తెరవకూడదు, చీపురు పట్టకూడదు, దూది దిండు పెట్టుకోకూడదు. ఫ్యానయితే పేరు కూడా ఎత్తకూడదు. ఏప్రిల్ ఎండకు తాళలేక అట్టముక్కతో విసురుకుంటుంటే, "మెల్లగా విసురుకో" అనేవాడు.

"మెల్లగా విసురుకుంటే గాలెలా వస్తుందయ్యా?"

"గాలి వస్తే దాని వెంట దుమ్మూ వస్తుంది."

ఉబోన్ అట్టముక్క పక్కన పడేసి కళ్లు మూసుకునేది. వాదించడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

ఒకసారి గ్రామపెద్ద కొత్త బండి తెచ్చాడు. మెడలో బొచ్చు తువ్వాలుతో దర్జాగా లోపలికి రాబోయాడు. తవీ గుమ్మంలో చేతులు చాపి నిలబడ్డాడు.

"ఆ తువ్వాలు బయట పెట్టి రండి."

"నేనెవరో తెలుసా?"

"మీరు ఊరికి పెద్ద, సార్. తువ్వాలే కాస్త పోగులు రాలుస్తోంది."

గ్రామపెద్ద తువ్వాలు తీశాడు. చొక్కా దులిపించుకున్నాడు. పిచికారీ సీసాతో నెత్తిన నీళ్లు కూడా చల్లించుకున్నాడు. ఇంత చేశాక, సాయంత్రం వెనక అద్దం ఫిల్ము కింద ఒక పొట్టి వెంట్రుక బయటపడింది. తవీ మొహం మాడిపోయింది. ఫిల్మంతా పీకి, ఆ వెంట్రుకను వెలుతురులో పట్టుకుని విచారణ మొదలెట్టాడు. ఉబోన్‌ది పొడుగు జుట్టు. గ్రామపెద్దది బట్టతల. తవీ తలకు ప్లాస్టిక్ టోపీ ఉంది.

"కనుబొమ్మ! నా కనుబొమ్మే!" అన్నాడు, ఇంటి దొంగ దొరికినట్టు.

ఆ రాత్రే రెండు కనుబొమ్మలూ గొరిగేసుకున్నాడు. ఆ దేశంలో కనుబొమ్మలు గొరిగించుకునేది బౌద్ధ సన్యాసం పుచ్చుకునేవాళ్లు, ఇంట్లో ఎవరైనా పోతే కొన్నాళ్లు మఠంలో ఉండి వచ్చేవాళ్లు. మర్నాడు బజారులో చేపలమ్మే ఆవిడ బుట్ట దించి చేతులు జోడించింది. "మఠం నుంచి ఎప్పుడొచ్చావు నాయనా? ఇంట్లో ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. బాగానే ఉన్నాం," అంది పక్కనున్న ఉబోన్, నీరసంగా. "రెండు చేపలివ్వు."

ఆ వేసవిలోనే, నిండు నీళ్ల బకెట్టు ఎత్తబోయి తవీ నడుం పట్టేసింది. మేడ మీద చాప పరుచుకుని బోర్లా పడ్డాడు. ఒప్పుకున్న కార్లు ఆగిపోకుండా పక్క ఊరి నుంచి నిరన్ అనే పనివాడిని పిలిపించారు. నిరన్ వస్తూనే ముందు గది కిటికీలు బార్లా తెరిచాడు. మూల పడి ఉన్న ఫ్యానుకు ప్రాణం పోశాడు. తర్వాత వెనక షెడ్డులోకి పోయి తలుపు మూసుకున్నాడు. కారు చుట్టూ నేల తడిపాడు, అద్దాల అంచు రబ్బర్లు తుడిచాడు, సబ్బునీళ్లు కొట్టి ఫిల్ము వేశాడు.

ఉబోన్ వెళ్లి అద్దాలకు కళ్లానించి మరీ చూసింది. ఒక్క నలుసు లేదు.

"మరి ఫ్యాను తిరుగుతోంది కదయ్యా?"

"అది ముందు గదిలో కదా వదినా. షెడ్డు ఒక్కటి బాగుంటే చాలు. మిగతా ఇంటికీ ఫిల్ముకీ ఏం సంబంధం?"

ఉబోన్‌కు ఒళ్లు మండింది. మధ్యాహ్నం దాకా ఫ్యాను కింద కూర్చుని ఆ మంటను బాగా పెంచుకుని మేడెక్కింది.

"ఏమయ్యా! షెడ్డు చాలట! మరి ముందు గది ఎందుకు మూయించావు? మెట్లెందుకు కడుగుతావు? పడకగది గోడలకు తడిగుడ్డ ఎందుకు? ఇన్నేళ్లు నన్ను ఉడకబెట్టి..."

మాట పూర్తికాలేదు. దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, నిలబడనీయలేదు. ఉబోన్ పై మెట్టు మీద కూలబడింది.

పొద్దుట్నుంచీ పక్కకు తిరగాలన్నా ఇద్దరు పట్టాల్సిన తవీ, ఎవరూ పట్టకుండానే లేచాడు. నడుం వంగింది వంగినట్టే గోడ పట్టుకుని కిందికి దిగాడు.

"ఫ్యాను కట్టెయ్! కిటికీలు ముయ్!"

నిరన్ కంగారుపడ్డాడు. "అన్నా, కారు షెడ్డులో ఉంది, తలుపు వేసే ఉంది!"

"కారు సంగతి ఎవడడిగాడయ్యా!"

కేక పెట్టాక తవీ గతుక్కుమన్నాడు. మెట్ల మీద ఉబోన్ విననే విన్నది.

క్రషర్ మానేసిన కొత్తలో డాక్టరు ఆమెను దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. సారాబురిలో దుమ్ముకు దూరంగా ఎక్కడికి పోతామని ఆమె నవ్వేసింది. పక్కనే కూర్చున్న తవీ ఆ రోజే నేల కడగడం మొదలెట్టాడు.

దగ్గు తగ్గాక అడిగింది. "ఇదంతా నాకోసమా?"

"ఫిల్ము కోసం."

"పడకగదిలో ఫిల్మేముంది?"

"నీకోసమంటే నువ్వు వినవు. నాకేం కాలేదని కిటికీలు తెరుస్తావు. ఫిల్ము కోసమంటే తిట్టుకుంటూ అయినా మూస్తావు."

అది నిజమే. ఉబోన్ అతన్ని చాప మీదికి చేర్చి, నొప్పి మందు తీసి నడుముకు రాయడం మొదలెట్టింది.

"అమ్మా! కాస్త మెల్లగా!"

"నువ్వు మాట్లాడకు," అంది ఉబోన్. ఇన్నేళ్ల ఉక్కపోతకు లెక్క చూసుకుంటూ, సరిగ్గా నొప్పి ఉన్నచోటే గట్టిగా నొక్కింది.