రెండు జానల కోత

అప్పల్సామి ప్రతి గురువారం ఫిజీ దీవుల్లోని నౌసోరిలో మొదటి బస్సెక్కి సువా ఆస్పత్రికి వెళ్తాడు. దారంతా ఎక్స్‌రే కవరు మడత పడకుండా ఒళ్ళో నిలబెట్టుకుంటాడు. ఆస్పత్రి మెట్ల మీద రెండు మెట్లకోసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. ముప్ఫయ్యేళ్ళు చక్కెర మిల్లులో ఆవిరి గొట్టాలను జానతో కొలిచి ఆస్‌బెస్టాస్ చుట్టిన మనిషి. ఆ పొడి వల్లనే ఊపిరితిత్తుల పొరకు మెసోథెలియోమా వచ్చింది. ముదిరింది కాబట్టి ఆపరేషన్ కుదరదనీ, కీమో డ్రిప్పులు ఎక్కిస్తూ, చేరిన నీరు సూదితో తీస్తూ, నొప్పికి మందిస్తామనీ డాక్టరమ్మ చెప్పింది. జబ్బు కన్నా అతన్ని ఎక్కువ కాల్చేది తోటి పనివాడు భగవాన్. పక్కనే నిలబడి అవే గొట్టాలు చుట్టిన భగవాన్‌కు అదే జబ్బు ముందుగా బయటపడి, ఆక్లండ్‌లో ఆపరేషన్ జరిగింది.

మొన్న భగవాన్ కలుపుకు తాగే యంగోనా వేరుపొడి పొట్లంతో పలకరించడానికొచ్చాడు. కూర్చోకముందే అప్పల్సామి, "చొక్కా తియ్యి, చూస్తా" అన్నాడు. వీపు నుంచి రొమ్ము దాకా కుట్ల గీత. గొట్టాన్ని కొలిచినట్టే దాని మీద జాన పెట్టి కొలిచాడు. రెండు జానలు.

"నాకు ఒక్క జాన కూడా కొయ్యలే."

భగవాన్ బొత్తాలు పెట్టుకుంటూ, "ఛాతీలో పానీ ఫిర్ వచ్చేసింది, భయ్యా. ఇంక నాకూ డ్రిప్పే" అన్నాడు.

అప్పల్సామి యంగోనా కలిపి, కొబ్బరి చిప్ప నిండా ముంచి ముందు అతనికే అందించాడు. అతను తాగాక ఆనవాయితీగా చప్పట్లు కొట్టి మెల్లగా అడిగాడు: "ఎన్ని డ్రిప్పు చెప్పింది డాక్టర్?"

"ఆరు."

"నాకు నాలుగే," అన్నాడు అప్పల్సామి, ముఖం తిప్పుకుని.