నిలబడే ఉద్యోగం

శ్రీకాకుళంలోని ఆ చీరల షోరూములో కూర్చునే హక్కు ముగ్గురికే ఉండేది. కస్టమర్లకు, గల్లాపెట్టె మీది వినాయకుడికి, తిరిగే కుర్చీలోంచి సీసీ కెమెరాలు చూసే ఫ్లోర్ మేనేజర్ జగన్నాధానికి. ఝాన్సీ లాంటి సేల్స్‌గర్ల్స్ నిలబడాలి. ఎవరూ రాకపోయినా నిలబడాలి, పైగా నవ్వుతూ నిలబడాలి.

సాయంత్రానికి ఝాన్సీ కాళ్లు ఉబ్బి చెప్పుల్లో పట్టేవి కావు. ఆమె కళింగపట్నంలో బస్సు దిగి ఈడ్చుకుంటూ వస్తుంటే, అత్త దాలమ్మ మాత్రం తన కోడలు ఏసీలో పనిచేస్తుందని వీధంతా చాటింపు వేసేది. దాలమ్మ ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి మానేసింది. తన ఇంట్లో మరో ఆడది తట్ట ముట్టకూడదని ఆమె పంతం. ఆ పంతానికి కోడలి కాళ్లు బలి.

ఆషాఢం డిస్కౌంట్లలో ఒకావిడ సగం దుకాణం విప్పించి చేతిరుమాలు కొనుక్కుపోయింది. నవ్వు తగ్గిందని జగన్నాధం ఝాన్సీని మందలించాడు. ఝాన్సీ ఆ చీరల గుట్ట మీదే తీరిగ్గా చతికిలబడింది. లేవమని అరిస్తే, లేచేది ఇంటికెళ్లడానికేనని చెప్పి, అలాగే వెళ్లిపోయింది.

మర్నాడు ఊళ్లలో అమ్ముకొద్దామని మొగుడి పాత స్కూటీ ముందు ఎండు నెత్తళ్ల చేపల సంచి పెట్టుకునేసరికి దాలమ్మ మాట్లాడటం మానేసింది. తల్లికీ పెళ్లానికీ మధ్య దూరడం కంటే సముద్రమే నయమని మొగుడు ఎర్రన్న వేటకు పోయాడు. అత్త తిట్టినా బాగుండేది. ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది గానీ, ఆవిడ పలకని ఇంట్లో బతకడం ఎలాగని ఝాన్సీకి బెంగ పట్టుకుంది.

వరిపొలాల మధ్య ఓ ఊళ్లో బండి ఆపింది. చేపలని కేకేయాలి, ఎలా అరవాలో తెలియలేదు. నోరు అలవాటైన పాఠమే అప్పజెప్పింది. సొంత గుమ్మంలో నిలబడ్డ గున్నమ్మ అనే ముసలామెకు చేతులు జోడించి, "నమస్తే మేడమ్, లోపలికి దయచేయండి" అంది.

గున్నమ్మ వెనక్కి తిరిగి తన ఇంటిని ఓసారి చూసుకుంది.

"ఇది నా ఇల్లేనే. నువ్వే ఇలాగొచ్చి అరుగు మీద కూకో."

ఝాన్సీ కూర్చుంది. కొనేవాళ్లు ఆమెను కూర్చోమనడం అదే మొదలు. కళ్లనీళ్లొస్తే నెత్తళ్ల ఘాటని బొంకింది.

తనది కళింగపట్నం అని ఝాన్సీ అనగానే గున్నమ్మ దాలమ్మ ఏదని అడిగింది. వీధి ఆడాళ్లంతా పోగయ్యారు. దాలమ్మ ఆ అరుగెక్కితే చేపల కంటే పొరుగూళ్ల కబుర్లే ఎక్కువ పంచేదట. ఆవిడ రావడం మానేశాక పక్క ఊళ్లో ఎవరు ఎవరితో తగువాడుతున్నారో కూడా తెలియడం లేదట.

ఆ సాయంత్రం ఝాన్సీ ఇదంతా అత్త వినేలా గోడకు చెప్పింది. గున్నమ్మ రోజూ ఎదురుచూస్తోందని కూడా చెప్పింది. గోడా పలకలేదు, దాలమ్మా పలకలేదు.

తెల్లారి ఝాన్సీ బయటికొచ్చేసరికి దాలమ్మ కొంగు బిగించి, స్కూటీ వెనక సీటు మీద కూర్చుని ఉంది.

"ఏటే అలా నిలబడ్డావు? బండి తియ్యి. నువ్వు నడుపు, నేనరుస్తాను."