మా టీచరమ్మ అడిగిన రూలు

మా లెక్కల టీచరమ్మ మొన్న ఆదివారం పోయారు. చర్చికి తయారై, చెప్పులు తొడుక్కుంటూ గడప మీదే కూలబడ్డారట. కబురు విన్నప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. ఎవరికైనా ఆమె సంగతి చెప్పాలి. మీకు చెబుతున్నాను.

అప్పటికి గోదావరిఖనిలో గనులు కొత్త. మా ఆయన బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. పెళ్లయినా నేను బడి మానలేదు. మెట్రిక్ చదువుతుండగా కడుపు కనబడసాగింది. ఒక పొద్దున హెడ్మాస్టరు నన్ను వరండాలోనే ఆపారు.

“ఇగ ఇంటికాడ ఉండమ్మా. నిన్ను చూసి తక్కిన ఆడపిల్లలు ఏమనుకుంటరు?”

నేను తల వంచుకుని వెనుదిరిగాను. టీచరమ్మ చేతిలో సుద్దముక్కతోనే క్లాసులోంచి బయటికొచ్చారు.

“గదే క్లాసుల పెండ్లయిన పిలగాడు సుత ఉన్నడు గద సార్. మొన్ననే బిడ్డ పుట్టింది. వాన్ని ఇంటికి పంపుతలేరేంది?”

హెడ్మాస్టరు చెడ్డవారు కాదు. నలుగురి మాటలకు జంకారు. “రానియ్యాలని రూలు లేదమ్మా,” అన్నారు.

“రావద్దని ఉన్నదా?”

“అదీ లేదు.”

“మరి?”

టీచరమ్మ సుద్దముక్క అక్కడే పెట్టేసి, నన్ను వెంటబెట్టుకుని విద్యాశాఖ పై ఆఫీసుకు బస్సెక్కారు. దారిపొడుగునా నాకు వాంతులు. తన కొంగుతోనే నా మూతి తుడిచారు. అక్కడి అధికారి జాలిపడి, “ఈ ఒక్క అమ్మాయిని రానివ్వమని చెబుతాను,” అన్నారు. నేను దండం పెట్టబోతే టీచరమ్మ నా చేతులు దించేశారు.

“ఈ పిల్లకు మీ దయ దొరికింది. సంతోషం. రేపొచ్చే పిల్ల ఎవల్ని బతిమాలాలె? రూలు రాయుండ్రి సార్.”

అది తన చేతిలో లేదన్నారాయన.

“ఎవల చేతుల ఉందో చెప్పుండ్రి. ఆడికే పోత.”

నిండు నెలలతో పరీక్షకు కూర్చున్నాను. నడుము లాగుతుంటే ఆమె వచ్చి, “లేచి నిలబడి రాయి బిడ్డా. నిలబడొద్దని సుత రూలు లేదు,” అన్నారు. నవ్వుతూ రాశాను. పాసయ్యాను. తర్వాత నేనూ టీచరునై, రిటైరయ్యేదాకా పిల్లలకు పాఠం చెప్పాను.

ఆమెకు మాత్రం అది చాలలేదు. బడికి ఏ అధికారి వచ్చినా ఆ రూలే అడిగేవారు. అది రాలేదు. ఆమెకే మందమర్రికి బదిలీ వచ్చింది. బస్సు దగ్గరికి హెడ్మాస్టరు దండ పట్టుకుని వచ్చారు.

“దండ ఉండనియ్యి సార్. ఇంకో పిల్ల గిట్లనే వస్తే ఇంటికి పంపియ్యరు గద?”

ఆయన ఏదో అన్నారు. ఇంజను మోతలో వినబడలేదు.

“ఏందీ? గట్టిగ చెప్పుండ్రి!”

బస్సు కదిలింది. బొగ్గుదుమ్ములో, కిటికీలోంచి సగం బయటికి వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆమె వింటూనే వెళ్లిపోయారు.