ఎదుటి పక్షం ఇంట్లో చాయ్

పోయిన ఆదివారం బడంగ్‌పేట్‌లో చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. సొంతిల్లు కట్టుకుని, కింద కిరాయికిచ్చి, తాను పైన ఉంటోంది. చెప్పులు విప్పుతుండగా వరండా పిట్టగోడ మీద వెదురు బుట్ట కనిపించింది. ఇన్నేళ్లూ అటక మీద పడి ఉన్న బుట్టే. ఇప్పుడు దుమ్ము దులిపి, పిడికి కొత్త నైలాన్ తాడు కట్టి ఉంది. "ఏందే, బుట్టను ఎన్నడూ చూడనట్టు చూస్తున్నవ్? కూరగాయల బండొస్తది, అంతే" అని చిన్నమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ బుట్టను చూస్తే నాకు లా చదివిన రోజులు గుర్తొస్తాయి.

అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలు ఇంకా లేస్తున్నాయి. నల్లగొండ దగ్గరి మా ఊరి నుంచి చదువుకోవడానికి వచ్చి, అమ్మకు చెల్లెలైన చిన్నమ్మ దగ్గర ఉండేదాన్ని. చిన్నాయన లారీ డ్రైవరు. ఇంటికి చుట్టంలా వచ్చిపోయేవాడు. కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఒక పాత మేడ, అందులో కింద రోడ్డు వైపు గది మాది. ముందు భాగంలో చిన్నమ్మ కుట్టుమిషన్, వెనక మా కాపురం. పైన ఓనరు తాత, అవ్వ ఉండేవాళ్లు. కూరగాయల బండి వస్తే అవ్వ పైనుంచి తాడుతో ఈ బుట్టను దించేది. చిన్నమ్మ మిషన్ ఆపి వెళ్లి, పుచ్చులు లేని వంకాయలు ఏరి అందులో వేసేది, బండివాడితో కొట్లాడి కొత్తిమీర కొసరు వేయించేది. "బెండకాయలు ముదిరినయ్ పిల్లా" అని పైనుంచి ఫిర్యాదు. "రేపటి సంది నువ్వే దిగొచ్చి ఏరుకో అవ్వా" అని కింది నుంచి జవాబు. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

మా కాలేజీలో చట్టాలతో పాటు బస్తీలను కూడా చదివించేవాళ్లు. శనివారమొస్తే మీర్‌పేట్ వైపో, ఎల్బీనగర్ అవతలికో షేర్ ఆటోల్లో ఇరుక్కుని వెళ్లి, బల్ల వేసుకుని కూర్చుని, రేషన్ కార్డు నుంచి గోడ తగాదా దాకా ఎవరేం చెప్పినా వినేవాళ్లం. ఆ ఉచిత న్యాయ సలహా కేంద్రాన్ని నడిపే మేడం గుంటూరు వైపు మనిషి. మెత్తగా మాట్లాడుతూనే మా ప్రాణాలు తోడేసేవారు. నోటీసు రాసే ముందు, అది ఎవరికి పంపుతున్నామో వాళ్లింటికి వెళ్లి టీ తాగి రావాలన్నది ఆవిడ పెట్టిన నియమం. "మన పక్షం వాళ్లు ఎలాగూ పోస్తారమ్మా, ఎదుటివాళ్లు పోసేది తాగి రండి" అనేవారు. అబద్ధం చెబితే చెల్లేది కాదు. కప్పులో ఇచ్చారా గ్లాసులోనా, ఎవరు తెచ్చారు, తాగుతున్నంతసేపూ ఏం మాట్లాడారు అని ఆరా తీసేవారు. మా క్లాసులో ఒకడు కుక్కకు భయపడి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చి, రోడ్డు పక్క చాయ్ తాగి రిపోర్టు రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోయాడు.

ఒక ఎండాకాలం, పెళ్లిళ్ల జాకెట్లు కుప్పపడి ఉన్న రోజుల్లో, ఓనరు తాత వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "గది జర ఖాళీ చెయ్యాలమ్మా" అన్నాడు. ఎందుకని అడిగితే, "అవసరముంది" అని చెప్పి మెట్లెక్కి వెళ్లిపోయాడు. చిన్నమ్మ గిరాకీలంతా ఆ సందు చుట్టుపక్కల ఆడవాళ్లే. గది పోతే ఆమెకు పని లేదు, నాకు చదువు లేదు. ఆమె మిషన్ ముందు కూర్చుని, పెడల్ మీద కాలు పెట్టి కూడా తొక్కకుండా ఉండిపోయింది. నాకు ఒళ్లు మండింది. దాచడమెందుకు, కొంచెం హుషారు కూడా వచ్చింది, కొత్తగా చదివిన కిరాయి చట్టం ఉందిగా. ఘాటైన నోటీసు రాసి మేడం ముందు పెట్టాను. "టీ?" అన్నారు. ఒకే ఇల్లు మేడం, రోజూ చూస్తూనే ఉంటాను అన్నాను. "రోజూ చూస్తావు సరే, ఎప్పుడైనా కూర్చున్నావా?" అన్నారు.

మూతి ముడుచుకునే పైకెక్కాను. తాతే చాయ్ పెట్టి స్టీలు గ్లాసులో తెచ్చాడు, చక్కెర పాకంలా ఉంది. అవ్వ బిస్కెట్లు తెస్తానని లేచింది. గోడ పట్టుకుని, తర్వాత మంచం కోడు పట్టుకుని, తర్వాత బీరువా పట్టుకుని నడిచింది. "నువ్వు కిందికి దిగి ఎన్నాళ్లయిందవ్వా?" అని అడిగాను. "దవాఖానకెళ్లి ఎత్తుకొచ్చి గీడ కూసోబెట్టిన్రు బిడ్డా, గప్పటి సంది దిగలే. బుట్టనే దిగుతది" అని నవ్వింది. తాత నాతో పాటు మెట్ల దాకా వచ్చి గొంతు తగ్గించాడు. "కింద ఉంటే నలుగురిని చూస్తది. గీ మాట ఆమెకు తెలిస్తే, కుట్టుకొని బతికే పిల్లను బజార్ల పడేస్తవా అని అన్నం మానేస్తది. అందుకే ఎవ్వరికీ చెప్పలే."

సొంతానికి గది కావాలంటే కోర్టు ఓనరు మాట ఆలకిస్తుందని నేను చదివే ఉన్నాను. కేసు గెలిచే మాట తాత దగ్గరుంది, అవ్వ కోసం దాన్ని మింగేశాడు. కిందికొచ్చి చిన్నమ్మకు చెప్పాలా వద్దా అని తెగ నలిగి, చివరికి చెప్పేశాను. "దిగొచ్చి ఏరుకో అని ఎన్నిసార్లన్ననే" అని ఆమె కండ్లు తుడుచుకుంది. మెడలో టేపు అట్లాగే ఉండగా పైకి వెళ్లింది, వెనకే నేను. "అవ్వా, మీరు కిందికి రాండ్రి, నేను మీదికొస్త" అంది. అవ్వ ఒప్పుకోలేదు. "మెట్లెక్కి నీ తానకు ఎవరొస్తరే పిచ్చిదానా?" అంది. చిన్నమ్మ కిటికీ పక్కనున్న బుట్ట తీసి ఆమె ఒళ్లో పెట్టింది. "వాళ్లెందుకెక్కాలె? బట్టలెక్కుతయ్" అంది.

అట్లా అవ్వ కింద గుమ్మంలో కుర్చీ వేసుకుంది. వచ్చినవాళ్ల బట్టలు బుట్టలో వేసి "గుంజు పిల్లా" అని కేకేసేది. గింత లోతు మెడ ఎందుకమ్మా అని గిరాకీలకు క్లాసు కూడా పీకేది. కొలతలకు మాత్రం చిన్నమ్మే దిగొచ్చేది. మేడం నా రిపోర్టు చదివి, చక్కెర సంగతి విని నవ్వి, నోటీసు మడిచి నాకే ఇచ్చేశారు.

అవ్వ, తాత ఇప్పుడు లేరు, బుట్ట చిన్నమ్మకు మిగిలింది. ఎల్బీనగర్ కోర్టులో నా జూనియర్లను నేనూ టీ గురించి అడుగుతుంటాను, వాళ్లు చాటుగా నవ్వుకుంటారు. ఆదివారం ఇదంతా తలుచుకుంటూ వరండాలో ఉండగానే చిన్నమ్మ చాయ్ తెచ్చింది. ఒక చేతిలో గ్లాసు, రెండో చెయ్యి గోడ మీద, తర్వాత తలుపు మీద, తర్వాత కుర్చీ మీద. ఎన్నాళ్ల నుంచని అడిగాను. "కిందోళ్లకు చిన్నపిల్లలున్నరే, ఎట్ల పొమ్మంటం? నువ్వేం చెప్పకు" అంది. చాయ్ తాగి, మెట్లు దిగి, కిందివాళ్ల తలుపు తట్టాను. అప్పుడు కిరాయిదారు తరఫున మెట్లెక్కిన నేను, ఈసారి ఓనరు తరఫున దిగి వచ్చాను. ఇన్నేళ్లలో కాలం మా వైపులు మార్చిందే గానీ, తాగాల్సిన చాయ్ మాత్రం ఎదుటి ఇంట్లోనే ఉంచింది.